థాంక్యూ డైరీ సరే, ఇంకో సిస్టర్ ఏది? | నర్సుల బర్నౌట్ గురించి మాట్లాడుకుందాం

 

ఒక చిన్న ప్రశ్నతో స్టార్ట్ చేద్దాం. మీ ఇంట్లో ఎవరైనా హాస్పిటల్లో అడ్మిట్ అయిన రోజులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. డాక్టర్ గారి పేరు గుర్తుంటుంది. బిల్లు ఎంతయ్యిందో పైసలతో సహా గుర్తుంటుంది. క్యాంటీన్‌లో ఇడ్లీ బాలేదని కూడా గుర్తుంటుంది. రాత్రి రెండింటికి సెలైన్ అయిపోతే పరిగెత్తుకొచ్చి మార్చిన సిస్టర్ పేరేంటి?

గుర్తు లేదు కదా. నాక్కూడా లేదు. మా నాన్నగారు నాలుగు రోజులు హాస్పిటల్లో ఉన్నారు, నాలుగు రోజులూ నేను పక్కనే ఉన్నాను. "సిస్టర్, సిస్టర్" అని ఓ వంద సార్లు పిలిచి ఉంటాను. ఒక్కసారి కూడా పేరు అడగలేదు.

ఈ రోజు ఎపిసోడ్ వాళ్ళ గురించి. నర్సులు లోపల్లోపల ఎలా కాలిపోతున్నారు, దానికి పాజిటివ్ సైకాలజీ అనే సబ్జెక్టు ఏమైనా చెయ్యగలదా, ఎంతవరకు చెయ్యగలదు, ఎక్కడ చెయ్యలేదు, ఇదీ విషయం. చివరిదాకా ఉండండి, ఎందుకంటే మధ్యలో నేను చేసిన ఒక తెలివితక్కువ పని కూడా చెప్తాను.

పద్నాలుగు పోయింది

మా పెద్దమ్మ కూతురు ఒకావిడ ఉంది. నాకు అక్క. జీఎన్ఎం చేసింది. రాజమండ్రిలో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్సు. ఏ హాస్పిటలో చెప్పను, ఎందుకంటే ఇది ఆ ఒక్క హాస్పిటల్ కథ కాదు. నిడదవోలు నుంచి రోజూ ట్రైన్‌లో వెళ్ళొస్తుంది. నైట్ డ్యూటీ అయితే సాయంత్రం ట్రైన్, పొద్దున్నే తిరుగు ట్రైన్.

పండక్కి అందరం పెద్దమ్మ వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాం. అక్కకి హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది. రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసి, "పద్నాలుగు పోయింది" అంది.

"ఏం పోయిందే?" అంది పెద్దమ్మ.

"బెడ్ నంబర్ పద్నాలుగు. పెద్దాయన. ఆ పులుసు ఇటు జరుపు" అంది.

అంతే. మేమందరం ఒక్క క్షణం ఆగిపోయాం. అక్క మాత్రం అన్నం కలుపుకుంటోంది.

ఆ రాత్రి డాబా మీద కూర్చున్నప్పుడు తనే ఎత్తింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆయన పదకొండు రోజులు నా వార్డులో ఉన్నాడ్రా. నన్ను సిస్టర్ అని కూడా పిలిచేవాడు కాదు, అమ్మాయ్ అనేవాడు. అలాంటి మనిషి పోతే నాకు ఏడుపు రాలేదేంట్రా? నేను ముందు ఇలా ఉండేదాన్ని కాదు కదా?"

పెద్దాయన పోయినందుకంటే, తనకి ఏమీ అనిపించనందుకు ఎక్కువ భయపడుతోంది అక్క. నాకు అది అర్థం కావడానికి టైం పట్టింది.

బర్నౌట్ అంటే అలసట ఒక్కటే కాదు

మనం ఇప్పుడు బర్నౌట్ అనే మాట చాలా తేలిగ్గా వాడేస్తున్నాం. సోమవారం పొద్దున్న ఆఫీసుకి వెళ్ళబుద్ధి కాకపోతే బర్నౌట్, పరీక్ష ముందు రోజు బర్నౌట్. అసలు ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్ట్ న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేస్తూ, తనతోపాటు అక్కడ సేవ చేసేవాళ్ళని చూసి దీని గురించి రాశాడు. అంటే ఈ మాట కార్పొరేట్ ఆఫీసులో పుట్టలేదు. పేషెంట్ల మధ్య పుట్టింది.

తర్వాత క్రిస్టినా మాస్లాక్ అనే ఆవిడ, సుసాన్ జాక్సన్ అనే ఇంకొకావిడతో కలిసి 1981లో దీన్ని కొలిచే పద్ధతి ఒకటి తయారుచేసింది. దాంట్లో మూడు భాగాలుంటాయి.

ఒకటి, మనసు ఖాళీ అయిపోవడం. నిద్రపోయి లేచినా తీరని అలసట.

రెండు, ఎదుటివాళ్ళు మనుషుల్లా కనపడకపోవడం. పెద్దాయన కాస్తా "పద్నాలుగు" అయిపోవడం ఇదే. ఇది రాయి గుండె అవ్వడం కాదండి. మనసు తనని తాను కాపాడుకోవడానికి వేసుకునే షట్టర్.

మూడు, నేను చేసేదానివల్ల ఎవడికీ ఉపయోగం లేదు అనిపించడం.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీని గురించి స్పష్టంగా చెప్పింది. బర్నౌట్ ఒక జబ్బు కాదు, పనిచేసే చోట ఒత్తిడిని సరిగ్గా సంభాళించకపోవడం వల్ల వచ్చే పరిస్థితి అని. ఇక్కడ "పనిచేసే చోట" అన్న ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

నేను చేసిన తెలివితక్కువ పని

మీకు తెలుసు కదా, నేను బీటెక్ చేసి నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేశాను. ప్రాబ్లమ్ కనిపించగానే సొల్యూషన్ డౌన్‌లోడ్ చేసే అలవాటు ఎక్కడికి పోతుంది? రెండు రోజులు కూర్చుని పాజిటివ్ సైకాలజీ మీద దొరికినవన్నీ చదివాను. కృతజ్ఞతా డైరీ, రోజూ మూడు మంచి విషయాలు, ఇలాంటివి. అక్క ఫోన్‌లో ఒక యాప్ వేసి, రాత్రి తొమ్మిదింటికి రిమైండర్ పెట్టి, "అక్కా, రోజూ మూడు మంచి విషయాలు రాయి, నెల రోజుల్లో నువ్వే మారిపోతావ్" అన్నాను.

అక్క నా వైపు అలా చూసింది. చూసి అడిగింది:

"మా వార్డులో నిన్న రాత్రి ఎంతమంది పేషెంట్లు తెలుసా? ముప్పై ఎనిమిది. సిస్టర్లం ఎంతమంది? ఇద్దరం. రాత్రి తొమ్మిదింటికి నేను మందులు ఇస్తూ ఉంటాను. నీ రిమైండర్ మోగితే చూడ్డానికి నాకు చెయ్యి ఖాళీ ఉండదు. నాకు కావాల్సింది థాంక్యూ డైరీ కాదురా. ఇంకో సిస్టర్."

ఒక్క ముక్కలో తేల్చేసిందండి. నాకు నోట మాట రాలేదు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం మామూలు హాస్పిటల్ జనరల్ వార్డులో అయిదుగురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలి. టీచింగ్ హాస్పిటల్ అయితే ముగ్గురికి ఒకరు. అక్క వాటాకి వచ్చింది పంతొమ్మిది మంది. అయిదెక్కడ, పంతొమ్మిదెక్కడ?

ఇది ఒట్టి కష్టం విషయం కూడా కాదు, ప్రాణాల విషయం. లిండా ఎయికెన్ అనే నర్సింగ్ పరిశోధకురాలి టీమ్ అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 హాస్పిటల్స్ లెక్కలు తీసి 2002లో ఒక పేపర్ వేసింది. సర్జరీ అయిన పేషెంట్ల మీద చేసిన స్టడీ అది. ఒక్కో నర్సు మీద ఒక్క పేషెంట్ అదనంగా పడితే, 30 రోజుల్లోపు పేషెంట్ చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువ కనపడింది. నర్సులో బర్నౌట్ అవకాశం 23 శాతం ఎక్కువ కనపడింది. ఒక్క పేషెంట్‌కి అండి. అప్పటికే అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం నర్సుకి ఇంతమంది పేషెంట్లకి మించకూడదు అని 1999లో చట్టం చేసింది, 2004 నుంచి అమలు చేసింది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, సర్వర్ మీద నాలుగింతల లోడ్ పడేసి, అది పడిపోతే "నువ్వు పాజిటివ్‌గా ఆలోచించడం లేదు" అని సర్వర్‌ని తిట్టడం. మనం అలా చేస్తామా? ఇంకో సర్వర్ పెడతాం. మరి మనిషి దగ్గరికొచ్చేసరికి డైరీ ఇస్తున్నాం.

మరి పాజిటివ్ సైకాలజీ అంతా ఉత్తిదేనా?

కాదు. ఇక్కడ చాలామంది రెండో తప్పు చేస్తారు. "జీతాలు పెంచండి, మనుషుల్ని పెంచండి, ఈ సైకాలజీ అంతా సోది" అని కొట్టిపారేస్తారు. నేనూ ఓ వారం అలాగే అనుకున్నాను.

మా వైపు ఊళ్ళలో వాళ్ళకి ఇది ఈజీగా అర్థమవుతుంది. 2024 జూలైలో ఎర్రకాలువ పొంగి మా నిడదవోలు మండలంలో పొలాలు మునిగాయి, గుర్తుంది కదా. కాలువ పొంగుతున్నప్పుడు గట్టు బలహీనంగా ఉన్నచోట ఇసుక బస్తాలు వేస్తారు. వేస్తే గండి పడకుండా కొంత ఆగుతుంది. "పైనుంచి నీళ్ళు తగ్గితేనే కదా, బస్తాలు ఎందుకు" అని ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు. అలాగని బస్తాలు వేసేసి, పైనుంచి ఎన్ని నీళ్ళొచ్చినా పర్లేదు అని కూడా ఎవరూ అనరు. రెండూ కావాలి. పాజిటివ్ సైకాలజీ ఇసుక బస్తా. నర్సుల సంఖ్య, డ్యూటీ గంటలు, జీతం, ఇవి నీళ్ళు.

ముందు ఒక అపోహ. పాజిటివ్ సైకాలజీ అంటే "అంతా మంచికే, నవ్వుతూ ఉండు" అనడం కాదు. 1998లో మార్టిన్ సెలిగ్మన్ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు ఒక మాట ముందుకు తెచ్చాడు. ఇన్నాళ్ళూ మనం మనిషిలో ఏం పాడైందో చదువుతున్నాం, ఏది బాగా పనిచేస్తోందో కూడా అంతే సీరియస్‌గా చదవాలి కదా అని. అంతే తేడా. చదవడం అంటే పరీక్షించడం, లెక్క తియ్యడం.

2005లో సెలిగ్మన్ టీమ్ ఇంటర్నెట్ ద్వారా అయిదు వందల మందికి పైగా మనుషులతో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఒక గ్రూపుకి ఇచ్చిన పని, వారం రోజులపాటు రోజూ రాత్రి ఆ రోజు బాగా జరిగిన మూడు విషయాలు రాసి, అవి ఎందుకు జరిగాయో కూడా రాయడం. వాళ్ళలో సంతోషం పెరగడం, డిప్రెషన్ లక్షణాలు తగ్గడం ఆరు నెలల వరకు కనపడింది.

అది మామూలు జనం మీద. హాస్పిటల్ వాళ్ళ మీద? అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో బ్రయాన్ సెక్స్‌టన్ టీమ్ 228 మంది హాస్పిటల్ సిబ్బందితో పదిహేను రోజులు ఇదే చేయించింది. రోజుకి మూడు, పదిహేను రోజులకి 45. ఆ పేపర్ 2019లో వచ్చింది. మనసు ఖాళీ అయిపోయే ఆ మొదటి భాగం నెల తర్వాత, ఆరు నెలల తర్వాత, ఏడాది తర్వాత చూసినా మొదటికంటే తగ్గి ఉంది. కానీ ఆ స్టడీలో పోల్చడానికి ఏమీ రాయని గ్రూపు లేదు. కాబట్టి మొత్తం క్రెడిట్ డైరీకే ఇచ్చెయ్యలేం.

పోల్చి చూసిన స్టడీ హాంగ్‌కాంగ్‌లో జరిగింది, 2015లో పేపర్ వచ్చింది. అయిదు ప్రభుత్వ హాస్పిటల్స్‌లో 102 మంది సిబ్బందిని లాటరీ తీసినట్టు మూడు గ్రూపులు చేశారు. ఒక గ్రూపు పనిలో కృతజ్ఞత అనిపించిన విషయాలు రాసింది, ఇంకో గ్రూపు చిరాకులు రాసింది, మూడో గ్రూపు ఏమీ రాయలేదు. వారానికి రెండే సార్లు, నాలుగు వారాలు. మూడు నెలల తర్వాత చూసినా కృతజ్ఞత రాసిన వాళ్ళలో ఒత్తిడి, డిప్రెషన్ లక్షణాలు తక్కువగా ఉన్నాయి.

సో, ఇది మ్యాజిక్ కాదు. ఉత్తిదీ కాదు. వారానికి రెండు సార్లు, పైసా ఖర్చు లేని పనికి ఈ మాత్రం లాభం ఉందంటే వదులుకోవడం దేనికి?

గోదావరి బ్రిడ్జి మీద మూడు

మళ్ళీ అక్క దగ్గరికి వద్దాం. యాప్ డిలీట్ చేసేసింది. నేనూ మళ్ళీ ఎత్తలేదు. ఓ నెల తర్వాత తనే చెప్పింది, "నువ్వు చెప్పింది ఇంకోలా చేస్తున్నానురా" అని.

నైట్ డ్యూటీ దిగి పొద్దున్నే రాజమండ్రిలో ట్రైన్ ఎక్కుతుంది కదా. గోదావరి బ్రిడ్జి వస్తుంది. మనవాళ్ళు దణ్ణం పెట్టుకుంటారు, చిల్లర వేస్తారు. కొవ్వూరు వచ్చేలోపు ఆ కాసిన్ని నిమిషాలు తను ఫోన్ తియ్యదు. రాత్రి డ్యూటీలో బాగా జరిగినవి మూడు గుర్తు తెచ్చుకుంటుంది. ఇంటికొచ్చాక పడుకునే ముందు ఒక పాత నోట్‌బుక్‌లో మూడు లైన్లు. నన్ను చదవనిచ్చింది. ఒక రోజుది చెప్తాను:

ఒకటి, డీహైడ్రేషన్‌తో వచ్చిన పాపకి మొదటిసారి గుచ్చినప్పుడే వెయిన్ దొరికింది. రెండోసారి ఏడిపించక్కర్లేకపోయింది.

రెండు, జూనియర్ సిస్టర్ ఇన్సులిన్ ఎక్కువ లాగింది. ఇచ్చేముందు నేను చూశాను.

మూడు, తొమ్మిదో బెడ్ వాళ్ళావిడ పూతరేకు ఇచ్చింది. సగం తిన్నాను, సగం వాచ్‌మెన్ బాబాయ్‌కి ఇచ్చాను.

ఆ రెండోది మళ్ళీ ఒకసారి చదవండి. ఇన్సులిన్ ఎక్కువైతే షుగర్ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. అక్క చూసింది కాబట్టి రాలేదు. మరి ఆ సంగతి హాస్పిటల్లో ఏ రికార్డులో ఉంది? ఎందులోనూ లేదు. ఎందుకంటే ఏమీ జరగలేదు కదా.

నాకు లైట్ వెలిగింది అక్కడే. సాఫ్ట్‌వేర్‌లో మాకు ఎర్రర్ లాగ్ అని ఉంటుంది. తప్పు జరిగితే రికార్డవుతుంది, ఫోన్ మోగుతుంది, మీటింగ్ పెడతారు. సరిగ్గా పనిచేసిన లక్షల రిక్వెస్టుల గురించి ఎవడూ మాట్లాడడు. నర్సు ఉద్యోగం మొత్తం అంతే. తను బాగా పనిచేస్తే ఫలితం ఏంటి? ఏమీ జరగకపోవడం. పేషెంట్ మంచం మీంచి పడలేదు. పుండు పడలేదు. ఇన్ఫెక్షన్ రాలేదు. మందు మారిపోలేదు. జరగనివాటికి లెక్క ఉండదు. జరిగిన ఒక్క తప్పుకి మాత్రం మెమో ఉంటుంది. ఇలా ఏళ్ళు గడిస్తే "నావల్ల ఏం ఉపయోగం" అనిపించకపోతేనే ఆశ్చర్యం.

మూడు మంచి విషయాలు అనేది దానికి మందు. సంతోషంగా ఉన్నట్టు నటించడం కాదు, ఎవరూ రాయని లెక్క మనమే రాసుకోవడం. అందుకే రాసేటప్పుడు "దీంట్లో నా పాత్ర ఏంటి" అన్నది కూడా రాయాలి. "పాప ఏడవలేదు" అని కాదు, "నేను మొదటిసారే వెయిన్ పట్టాను" అని. నోట్‌బుక్ చూపిస్తూ అక్క అన్న మాట, "ఇప్పుడు నంబర్లు కాకుండా మళ్ళీ మొహాలు గుర్తుంటున్నాయిరా."

అదే నోట్‌బుక్‌లో ఇంకో కాలమ్

ఆ నోట్‌బుక్‌లో పక్కన ఇంకో కాలమ్ ఉంది. ఆ రాత్రి పేషెంట్లు ఎంతమంది, సిస్టర్లు ఎంతమంది. 38, 2. 31, 3. 36, 2. ఇలా. నెల తర్వాత ఇద్దరం కూర్చుని చూశాం. ముగ్గురు సిస్టర్లు ఉన్న రాత్రుల్లో మూడు కాదు, అయిదు కూడా రాసింది. ఇద్దరే ఉన్న రాత్రుల్లో చాలాచోట్ల ఒకటే ఉంది. రెండు చోట్ల ఖాళీ. ఖాళీ ఎందుకక్కా అంటే, "ఆ రాత్రి ఏం చేశానో కూడా గుర్తు లేదురా" అంది.

అర్థమైందా అండి? మంచిని చూసే కన్ను అక్కకి ఉంది. చూడ్డానికి కావాల్సిన నిమిషం లేదు.

ఆ వార్డు సిస్టర్లు నలుగురు కలిసి, ఎవరినీ తిట్టకుండా, పేషెంట్ల లెక్క, తాము ఆపిన పొరపాట్ల లెక్క ఒక కాగితం మీద రాసి నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌కి ఇచ్చారు. సినిమా అయితే ఇక్కడ బీజీఎం వేసి అందరూ చప్పట్లు కొట్టాలి. నిజంగా జరిగింది ఏంటంటే, మొదట "అడ్జస్ట్ చేసుకోండమ్మా" అన్నారు. ఆ తర్వాత వారానికి మూడు రాత్రులు మూడో సిస్టర్‌ని ఇచ్చారు. మిగతా నాలుగు రాత్రులు ఇంకా ఇద్దరే. ఇప్పటికి అంతే. అడుగుతూనే ఉన్నారు.

పూలు చల్లిన రెండు నెలలకి

ఇది ఒక్క అక్క కథే అనుకుంటే, మన తెలుగువాళ్ళం అందరం టీవీలో చూసిన ఒక కథ గుర్తుచేస్తాను.

2020 సంవత్సరాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల సంవత్సరంగా ప్రకటించింది. విచిత్రం చూడండి, అదే ఏడాది కోవిడ్ వచ్చింది. మార్చి 22న సాయంత్రం 5 గంటలకి మనమందరం గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టాం, పళ్ళేలు మోగించాం. మే 3న ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ సికింద్రాబాద్ గాంధీ హాస్పిటల్ మీద పూలు చల్లింది. కింద డాక్టర్లు, నర్సులు నిలబడి చూశారు. చాలామందికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది అబద్ధం కాదు, నిజమైన కృతజ్ఞతే.

సుమారు రెండు నెలలు. అదే ఏడాది జూలైలో, అదే గాంధీ హాస్పిటల్లో అవుట్‌సోర్సింగ్ నర్సులు డ్యూటీ ఆపి ధర్నాకి కూర్చున్నారు. ఏళ్ళుగా చేస్తున్నా పర్మనెంట్ లేదు. జీతం 17,500 రూపాయలు. తర్వాత ప్రభుత్వం దాన్ని 25,000కి పెంచింది. ఏడాది తిరిగి 2021 జూలై వచ్చేసరికి, తెలంగాణలో కోవిడ్ టైంలో పనిచేసిన నర్సుల్లో పదహారు వందల మందికి పైగా ఉద్యోగాలు పోయి రోడ్డెక్కారు.

పూలు తప్పా? కాదు. పూలతో ఆపెయ్యడం తప్పు.

జీతం గురించి ఒక విషయం ప్రైవేట్ హాస్పిటల్లో చేసే ప్రతి సిస్టర్‌కీ తెలియాలి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేట్ నర్సుల జీతాలు, పని పరిస్థితుల మీద ఒక కమిటీ వెయ్యమని కేంద్రానికి చెప్పింది. ఆ కమిటీ సిఫార్సు ఏంటంటే, 200 పడకలు దాటిన హాస్పిటల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలి. చిన్న హాస్పిటల్స్‌కి కొంత తగ్గింపు ఉంది, కానీ 50 పడకల లోపు హాస్పిటల్లో కూడా నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదు. కేంద్రం వీటిని రాష్ట్రాలకి పంపింది. కేరళలో నర్సులు గట్టిగా పోరాడి 2018లో నోటిఫికేషన్ తెప్పించుకున్నారు. మన దగ్గర ఎంతమందికి ఆ 20,000 వస్తోందో, చూస్తున్న సిస్టర్లు మీకే తెలుసు.

ఇప్పుడు ఎవరేం చెయ్యొచ్చు

సిస్టర్లు, బ్రదర్లు, ముందు మీకు. పదిహేను రోజులు ట్రై చెయ్యండి. డ్యూటీ దిగాక, పడుకునే ముందు మూడు లైన్లు. యాప్ అక్కర్లేదు, కేస్ షీట్ వెనక కాగితం చాలు. మీ పాత్ర రాయండి. ఒక రోజు ఏమీ తోచకపోతే ఖాళీ వదిలెయ్యండి, అది మీ ఫెయిల్యూర్ కాదు, ఆ రాత్రి లోడ్ ఎంతో చెప్పే డేటా. పక్కన పేషెంట్ల లెక్క వెయ్యండి. పేషెంట్ల పేర్లు మాత్రం రాయొద్దు.

ఒక హెచ్చరిక. నిద్ర పూర్తిగా పోయినా, ఏమీ తినబుద్ధి కాకపోయినా, బతకాలనిపించకపోయినా అది డైరీతో పోయేది కాదు. 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రోజూ పేషెంట్‌కి మీరు చెప్పేదే, ఈసారి మీకు మీరు చెప్పుకోండి.

హాస్పిటల్ మేనేజ్‌మెంట్ వాళ్ళు చూస్తుంటే, మే 12న కేక్ కట్ చెయ్యండి, వద్దనట్లేదు. కానీ సిస్టర్లని కూర్చోబెట్టి పాజిటివ్‌గా ఉండమని గంటసేపు క్లాసు పీకేముందు, ఆ గంటలో వార్డు ఎవరు చూస్తున్నారో అడగండి. చాలాసార్లు ఆ క్లాసు వాళ్ళ నిద్ర టైంలో పెడుతున్నారు. డైరీ రాయమని ఆర్డర్ వెయ్యొద్దు, చెక్ చెయ్యొద్దు. హ్యాండోవర్ అప్పుడు ఒక్క నిమిషం "ఈ షిఫ్ట్‌లో ఎవరు ఏ పొరపాటు ఆపారు" అని అడిగి చూడండి. మెమోకి ఫైల్ ఉన్నట్టే దానికీ ఒక ఫైల్ పెట్టండి. లీవు, డ్యూటీ చార్టు ముందే ఇవ్వండి.

ఇక మనం. పేషెంట్ల తాలూకు వాళ్ళం. సిస్టర్ల పనిలో సగం చిరాకు మనమే. సెలైన్ ఇంకా సగం ఉండగానే నాలుగు సార్లు పిలుస్తాం. డాక్టర్ మీద కోపం సిస్టర్ మీద చూపిస్తాం. డాక్టర్ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడే మనమే, ఆయన అటు వెళ్ళగానే సిస్టర్ మీద గొంతు పెంచుతాం.

థాంక్స్ చెప్పాలంటే మనకి మొహమాటం. "ఏమనుకుంటారో" అనిపిస్తుంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అని ఇద్దరు దీని మీదే ప్రయోగాలు చేసి 2018లో పేపర్ వేశారు. కృతజ్ఞత చెప్తూ లెటర్ రాసినవాళ్ళు, చదివేవాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందేమో అని ఎక్కువ ఊహించుకున్నారు. చదివినవాళ్ళు మాత్రం వాళ్ళు ఊహించినదానికంటే ఎక్కువ సంతోషపడ్డారు. అంటే మన మొహమాటం ఒట్టి లెక్క తప్పు.

కాబట్టి డిశ్చార్జ్ అయ్యే రోజు ఒక చిన్న పని. సిస్టర్ పేరు అడగండి. "చాలా థాంక్స్ అండి" అని ఊరుకోకుండా, ఏం చేశారో చెప్పండి. "మొన్న రాత్రి నాన్నకి ఆయాసం వచ్చినప్పుడు మీరు వెంటనే వచ్చారు, అందుకు." హాస్పిటల్ ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఆ పేరు రాయండి. అదే ఫారంలో ఇంకో లైను రాయండి, "రాత్రి పూట సిస్టర్లు సరిపోవడం లేదు, పెంచండి" అని. సిస్టర్ ఆ మాట అంటే "అడ్జస్ట్ చేసుకో" అంటారు. డబ్బు కట్టిన మనం అంటే కాస్త వింటారు. థాంక్స్ ఒక లైను, ఇంకో సిస్టర్ ఒక లైను. రెండూ కలిపి రాయండి, ఒకటి రాసి ఆపెయ్యొద్దు.

నిన్న ఈ స్క్రిప్ట్ అక్కకి చదివి వినిపించాను. మొత్తం విని, "ఆ పెద్దాయన పేరు చెప్పలేదేంట్రా?" అంది.

"పేషెంట్ పేర్లు చెప్పకూడదు కదక్కా" అన్నాను.

"చెప్పకు. కానీ నాకు గుర్తుందని చెప్పు" అంది.

చెప్పాను అక్కా.

మీకు గుర్తున్న సిస్టర్ ఎవరైనా ఉంటే, వాళ్ళు మీకేం చేశారో కింద రాయండి. ఈ ఎపిసోడ్ మీకు తెలిసిన ఒక నర్సుకి పంపండి, డ్యూటీ టైంలో కాకుండా చూసుకోండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఉంటానండి, నమస్తే.